పడ్డ, పెయ్య సకాలంలో ఎదకు రావాలంటే: పుట్టిన రోజు నుంచి సూది (కృత్రిమ గర్భధారణ) వేయించే రోజు దాకా మేత పద్ధతి

"మా పడ్డకు మూడేండ్లు నిండుతున్నాయి, ఇంకా ఎదకు రాలేదు. ఏ ఇంజెక్షన్ వేయించాలి?" హన్మకొండ, జనగామ, హుజూరాబాద్, మహబూబాబాద్ వైపు రైతులు పదే పదే అడిగే ప్రశ్న ఇది. చాలా సందర్భాల్లో జవాబు ఇంజెక్షన్‌లో ఉండదు, గాడిలో ఉంటుంది. పడ్డ ఎదకు వచ్చేది వయసు కన్నా ఎక్కువగా బరువును బట్టి. ఆ బరువు ఎప్పుడు, ఎలా పెరిగిందన్నది కూడా ముఖ్యమే.

ఇందులో చెప్పేవన్నీ వరుసలో చేయాల్సిన పనులు. మీ పశువు ఇప్పుడు ఏ దశలో ఉందో చూసుకుని అక్కడి నుంచి మొదలుపెట్టండి. మొదటి మూడు భాగాలు మాత్రం అందరూ చదవాలి.

1. మేతకూ ఎదకూ లంకె ఎక్కడ?

మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ నుంచి జీఎన్ఆర్‌హెచ్ అనే హార్మోన్ విడతలు విడతలుగా వస్తుంది. దాని ఆదేశంతో పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను వదులుతుంది. అవి అండాశయం మీద పనిచేస్తాయి.

నాలుగైదు నెలల పెయ్య అండాశయంలోనూ ఫాలికల్ అనే నీటి బుడగలు పెరుగుతూ, కరుగుతూ ఉంటాయి. వాటికి కావాల్సిన ఎఫ్‌ఎస్‌హెచ్ అప్పటికే ఉంటుంది. లేనిది ఎల్‌హెచ్ వేగం. ఎల్‌హెచ్ విడతలు దాదాపు గంటకొకటి చొప్పున వచ్చే స్థాయికి చేరితేనే ఫాలికల్ పూర్తిగా పెరిగి, అండం విడుదలవుతుంది. అంతవరకు అండాశయం నుంచి వచ్చే కొద్దిపాటి ఈస్ట్రోజెనే మెదడును అణచి ఉంచుతుంది. పశువు పెరిగేకొద్దీ ఆ అణచివేత సడలుతుంది.

ఎప్పుడు సడలాలో మెదడుకు తెలిపేది మేతే. ఒంట్లో కొవ్వు పేరుకుంటే లెప్టిన్ అనే హార్మోన్ వస్తుంది. కాలేయం నుంచి ఐజీఎఫ్-1 అనే పెరుగుదల హార్మోన్ వస్తుంది. రక్తంలో గ్లూకోజ్, ఇన్సులిన్ పెరుగుతాయి. ఈ కబురు కిస్‌పెప్టిన్ అనే పదార్థాన్ని తయారుచేసే నాడీకణాల ద్వారా జీఎన్ఆర్‌హెచ్‌కు చేరుతుంది. నిల్వలు లేవని తేలితే మెదడు ఎదను వాయిదా వేస్తుంది. ప్రాణానికే చాలని ఒంట్లో గర్భం మోసే పని మొదలుపెట్టదు.

ఇక్కడ రైతు తప్పక గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. వరిగడ్డితో పొట్ట నిండుతుంది కానీ కబురు వెళ్లదు. గడ్డి పులిసినప్పుడు పొట్టలో ఎక్కువగా ఎసిటేట్ అనే ఆమ్లం తయారవుతుంది. మక్కలు, నూకల వంటి గింజల పిండి పులిస్తే ప్రొపియోనేట్ అనే మరో ఆమ్లం ఎక్కువ వస్తుంది. కాలేయం గ్లూకోజ్ చేసుకునేది ఎక్కువగా ఈ ప్రొపియోనేట్ నుంచే. గ్లూకోజ్ పెరిగితేనే ఇన్సులిన్, ఐజీఎఫ్-1 పెరుగుతాయి. పొట్ట ఉబ్బి, డొక్కలు లోపలికి పోయి, వెంట్రుక మొరటుగా ఉన్న పడ్డలు ఎదకు రాకపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

2. ముందు బరువు కొలవండి

కాంటా అక్కర్లేదు. దర్జీ టేపు చాలు.

- పొద్దున మేత, నీళ్లు పెట్టకముందు పశువును చదునైన నేల మీద నిలబెట్టాలి.
- ముందు కాళ్ల వెనుక నుంచి ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీయాలి. టేపు బిగించొద్దు, వదులుగానూ ఉంచొద్దు.
- భుజం ముందు మొన నుంచి తోక మొదట్లో పిరుదు ఎముక దాకా పొడవు తీయాలి.
- చుట్టుకొలతను చుట్టుకొలతతో, వచ్చినదాన్ని పొడవుతో గుణించి 660తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది.

ఉదాహరణకు చుట్టుకొలత 60, పొడవు 50 అంగుళాలైతే 60 × 60 × 50 ÷ 660, అంటే సుమారు 273 కిలోలు. అసలు బరువుకు కొద్దిగా తేడా ఉండొచ్చు. ప్రతి నెలా ఒకే మనిషి, ఒకే తీరులో కొలిస్తే పెరుగుదల మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. మనకు కావాల్సింది అదే.

చేరుకోవాల్సిన బరువులు:

- జెర్సీ సంకర పెయ్య: ఆరు నెలలకు 95 నుంచి 105 కిలోలు, ఏడాదికి 170 నుంచి 185, సూది వేయించేనాటికి 220 నుంచి 240.
- హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర పెయ్య: సూది వేయించేనాటికి 250 నుంచి 280.
- ముర్రా, గ్రేడెడ్ ముర్రా (ముర్రాతో సంకరమైన నాటు బర్రెల సంతతి) పడ్డ: ఆరు నెలలకు 100 నుంచి 110, ఏడాదికి 180 దాకా, సూది వేయించేనాటికి 300 నుంచి 325.

స్థూలంగా, పెద్ద పశువు బరువులో 55 నుంచి 60 శాతానికి చేరినప్పుడు మొదటి ఎద వస్తుంది. గర్భం నిలవాలంటే ఇంకొంచెం పైన, 60 నుంచి 65 శాతం ఉండాలి. నాటు ఆవు పెయ్యలకు ఈ కిలోలు వర్తించవు. వాటి తల్లి బరువును బట్టి ఈ శాతం లెక్క కట్టుకోండి.

లెక్క ఒకసారి చూడండి. 30 కిలోలతో పుట్టిన పడ్డ రోజుకు 250 గ్రాములు పెరిగితే 320 కిలోలకు చేరడానికి 38 నెలలు పడుతుంది. అదే రోజుకు 420 గ్రాములు పెరిగితే 23 నెలలు చాలు. తేడా పదిహేను నెలలు. అన్నాళ్లు పాలు లేకుండా మేపడానికి అయ్యే ఖర్చు ముందు మంచి దాణా ఖర్చు చాలా చిన్నది.

3. మేతకు ముందు తేల్చుకోవాల్సినవి

మేత మార్చినా ఫలితం లేని సందర్భాలు కొన్ని ఉంటాయి. వాటిని ముందే వేరు చేయండి.

- ఆవు కవలల్లో కోడెతో కలిసి పుట్టిన పెయ్య చాలావరకు గొడ్డే. డాక్టర్‌తో పరీక్ష చేయించాకే దాని మీద ఖర్చు పెట్టండి.
- నట్టలు, పిడుదులు, గోమార్లు ఉంటే పెట్టిన దాణా వాటి పాలవుతుంది. బర్రె దూడలకు తల్లి పాల ద్వారానే ఏలికపాములు వస్తాయి. అందుకే 10 నుంచి 14 రోజుల వయసులో మొదటి నట్టల మందు తాగించాలి. తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి. మందు, మోతాదు డాక్టర్ చెప్పినట్టే.
- టీకాలు పూర్తయ్యాయా? గాలికుంటు, గొంతువాపు టీకాలతో పాటు ఆడ దూడలకు 4 నుంచి 8 నెలల మధ్య బ్రూసెల్లా టీకా ఒక్కసారి వేయించాలి. ఆ వయసు దాటితే మళ్లీ అవకాశం ఉండదు.

4. పుట్టినప్పటి నుంచి మూడు నెలలు

పుట్టిన గంట, రెండు గంటల్లోపు ముర్రు పాలు తాగాలి. మొదటి రోజు మొత్తం మీద దూడ బరువులో పదో వంతు అందాలి. 30 కిలోల దూడకు మూడు లీటర్లు. మాయ పడేదాకా ఆగాలన్న పద్ధతి కొన్ని ఊళ్లలో ఇంకా ఉంది. దయచేసి ఆగకండి. ముర్రు పాలలోని రోగనిరోధక శక్తిని దూడ పేగులు గంట గంటకూ తక్కువగా పీల్చుకుంటాయి.

తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా రోజూ బరువులో పదో వంతు పాలు ఇవ్వాలి. ఆడ దూడకు ఒక చన్ను పూర్తిగా వదిలేస్తే ఇంచుమించు సరిపోతుంది. పాలన్నీ పిండి డెయిరీకి పోసి, ఖాళీ పొదుగుకు దూడను వదిలే ఇళ్లలోనే మూడేళ్లకూ ఎదకు రాని పడ్డలు ఎక్కువ.

రెండో వారం నుంచి 20 నుంచి 22 శాతం మాంసకృత్తులున్న దూడ దాణాను పిడికెడు పిడికెడు నాకించండి. మూడు నెలలకు రోజుకు కిలో దాకా తినేలా పెంచండి. పక్కన లేత పచ్చిగడ్డి, మంచి నీళ్లు ఎప్పుడూ ఉండాలి. పాలు పూర్తిగా మాన్పించేది దాణా కిలో దగ్గరికి వచ్చాకే.

5. మూడు నుంచి తొమ్మిది నెలలు: అసలు దశ

అందరూ పట్టించుకోనిది ఈ దశనే. పాలు మానేసిన దూడను పెద్ద పశువులతో పాటు గడ్డివాము దగ్గర కట్టేస్తారు. కానీ హైపోథాలమస్ తీరు మారేది ముఖ్యంగా ఈ వయసులోనే. నాలుగు నుంచి తొమ్మిది నెలల మధ్య మంచి మేత దొరికిన పెయ్యలు, ఆ తర్వాత మేత మామూలుగా ఉన్నా, ముందే ఎదకు వస్తాయి. ఇక్కడ కోల్పోయినదాన్ని ఏడాదిన్నర తర్వాత కొంతవరకే పూడ్చగలం.

ఇదే వయసులో పొదుగు లోపలి పాలగ్రంథి కూడా ఒంటికన్నా వేగంగా పెరుగుతుంది. అందుకే రెండో వైపు జాగ్రత్త కూడా కావాలి. మాంసకృత్తులు తక్కువ పెట్టి, గింజలు, నూకలు మాత్రమే దండిగా పెడితే పొదుగులో కొవ్వు చేరి తర్వాత పాలు తగ్గుతాయి. సంకర పెయ్యలకు, పడ్డలకు రోజుకు 400 నుంచి 500 గ్రాముల పెరుగుదల మంచి లక్ష్యం.

ఇంట్లో కలుపుకునే దాణా, 100 కిలోలకు:

- మక్కల రవ్వ 40 కిలోలు
- సోయా చెక్క 20 కిలోలు
- తవుడు 37 కిలోలు
- ఖనిజ లవణ మిశ్రమం 2 కిలోలు
- ఉప్పు 1 కిలో

సోయా దొరకకపోతే పల్లి చెక్క 25 కిలోలు వేసి, తవుడు 32కి తగ్గించండి. రెండు విధాలుగానూ మాంసకృత్తులు 17 శాతం దాకా వస్తాయి. పల్లి చెక్కకు గానీ మక్కలకు గానీ బూజు వాసన ఉంటే వాడొద్దు. ఆ బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఐజీఎఫ్-1 రావాల్సింది ఆ కాలేయం నుంచే.

రోజుకు ఇవ్వాల్సినవి:

- 3 నుంచి 6 నెలలు: దాణా కిలో నుంచి కిలోన్నర, పచ్చిగడ్డి 3 నుంచి 5 కిలోలు, వరిగడ్డి తిన్నంత. ఆరు నెలలు నిండేదాకా దూడ దాణాయే మేలు.
- 6 నుంచి 12 నెలలు: దాణా కిలోన్నర, పచ్చిగడ్డి 8 నుంచి 12 కిలోలు, ఎండుగడ్డి కిలో నుంచి రెండు కిలోలు.
- ఏడాది నుంచి సూది దాకా: దాణా రెండు కిలోలు, పచ్చిగడ్డి 15 కిలోలు, ఎండుగడ్డి రెండు నుంచి మూడు కిలోలు.

అలసంద, పిల్లిపెసర, దశరథ గడ్డి వంటి పప్పుజాతి పచ్చిమేత రోజూ నాలుగైదు కిలోలు ఉంటే, ఏడాది దాటిన పశువుకు దాణా అరకిలో తగ్గించినా నష్టం లేదు. దాణా కొత్తగా మొదలుపెట్టేటప్పుడు వారం, పది రోజుల్లో కొంచెం కొంచెంగా పెంచాలి. ఒక్కసారిగా పెడితే పొట్ట పులుస్తుంది.

6. వరిగడ్డిని బాగు చేసుకోవడం

మన దగ్గర వరిగడ్డికి కొరత లేదు. కానీ అందులో మాంసకృత్తులు 3, 4 శాతమే. పైగా అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి, భాస్వరం ఎలాగూ తక్కువ. యూరియాతో మాగవేస్తే మాంసకృత్తుల విలువ దాదాపు రెట్టింపవుతుంది, గడ్డి మెత్తబడి ఎక్కువ తింటాయి.

- 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు తూచి తీసుకోవాలి. అందాజుగా వేయొద్దు.
- యూరియా పూర్తిగా కరిగాక గడ్డిని పొరలు పొరలుగా పరిచి, ప్రతి పొర మీదా సమానంగా చల్లి, తొక్కాలి.
- గాలి చొరకుండా పట్టాతో కప్పి 21 రోజులు ఉంచాలి.
- తీసిన గడ్డిని కొన్ని గంటలు ఆరబెట్టి, ఘాటు వాసన పోయాక పెట్టాలి.
- ఆరు నెలల లోపు దూడలకు పెట్టొద్దు. యూరియా నీళ్ల బకెట్ పశువులకు అందకుండా చూడాలి. ఆ నీళ్లు తాగితే ప్రాణమే పోతుంది.

పచ్చిమేతకు నీటి వసతి ఉన్న ఐదు గుంటల్లో సూపర్ నేపియర్ వేస్తే రెండు పడ్డలకు సరిపోతుంది. జొన్న చొప్ప పూత రాకముందు పచ్చిగా కోసి పెట్టొద్దు, అందులో విషం ఉంటుంది. సుబాబుల్ ఆకు పచ్చిమేతలో మూడో వంతు దాటొద్దు. యాసంగి కోతల తర్వాత ఏప్రిల్, మేలలో పచ్చిగడ్డి అసలు ఉండదు కాబట్టి, అంతకుముందే మక్క చేనును గింజ పాలుపోసుకుని గట్టిపడుతున్న దశలో కోసి సైలేజీ (పాతర గడ్డి) వేసుకోండి. 45 రోజుల్లో తయారవుతుంది.

7. ఖనిజ లవణాలు

భాస్వరం తక్కువైతే ఎద ఆగుతుంది. రాగి, జింక్, మాంగనీస్, అయోడిన్, కోబాల్ట్ లోటు కూడా ఎదను, గర్భం నిలవడాన్ని దెబ్బతీస్తుంది. చింపిరి గుడ్డలు, మట్టి, ఎముకలు నమిలే పడ్డకు భాస్వరం లోటు ఉందని అనుమానించాలి. పచ్చిగడ్డి నెలల తరబడి లేకపోతే విటమిన్ ఎ కూడా తగ్గుతుంది.

దాణాలో కలిపినదానితో సహా, అన్నీ కలిపి ఖనిజ మిశ్రమం రోజుకు దూడలకు 15 నుంచి 20 గ్రాములు, ఏడాది లోపు వాటికి 30, ఆపైన 40 నుంచి 50 గ్రాములు అందేలా చూడండి. సంచి మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఒక్కో ఖనిజం శాతం రాసి ఉన్నదే కొనాలి. గాడిలో వేలాడదీసే ఉప్పు గడ్డ దీనికి బదులు కాదు.

8. ఎండాకాలం

పెద్దపల్లి, రామగుండం వైపు ఎండ 45 డిగ్రీలు దాటిన రోజుల్లో పడ్డ మేత తగ్గించేస్తుంది. బర్రెలకు నల్లటి చర్మం, తక్కువ చెమట గ్రంథులు కావడంతో వేడి త్వరగా తగులుతుంది. మార్చి నుంచి జూన్ దాకా ఇలా చేయండి.

- దాణా, మంచి మేత తెల్లవారుజామున, పొద్దుగూకాక పెట్టాలి.
- మధ్యాహ్నం నీడలో కట్టి, రెండు మూడుసార్లు నీళ్లు పోయాలి. చెరువు దగ్గరుంటే వదలాలి.
- తాగే నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. పెరిగిన పడ్డ రోజుకు 30, 40 లీటర్లు తాగుతుంది.

బర్రెల్లో ఎదలు ఎక్కువగా కనిపించేది సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. ఎండాకాలంలో బరువు తగ్గనివ్వకపోతే ఈ సీజన్ అందుకుంటారు. తగ్గిందంటే మరో ఏడాది పోయినట్టే.

9. ఎదను కనిపెట్టడం

బరువు వచ్చిన పడ్డ ఎదకు రావడం లేదని అనుకునేవారిలో చాలామంది విషయంలో ఎద వస్తూనే ఉంటుంది, మనం చూడం. బర్రె ఎద మూగది. రాత్రివేళ, తెల్లవారుజామున ఎక్కువ. పైగా మొట్టమొదటి అండం విడుదల చాలాసార్లు బయటి లక్షణాలు లేకుండానే జరుగుతుంది.

- రోజూ తెల్లవారుజామున, రాత్రి పడుకునే ముందు పావుగంట చొప్పున గమనించండి.
- పడుకున్నప్పుడు మానం దగ్గర తీగల్లా సాగే జిగట, మానం వాపు, మాటిమాటికీ మూత్రం, మేత మీద ధ్యాస లేకపోవడం చూడండి.
- తేదీ గోడ మీదో, క్యాలెండర్ మీదో రాయండి. 18 నుంచి 24 రోజుల మధ్య మళ్లీ చూడండి.
- పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది వేయించండి.

బరువు చాలని పడ్డ ఎదకు వస్తే ఆ ఎదను వదిలేయండి. మనసు ఒప్పకపోయినా వదలాలి. చిన్న ఒంటితో చూడి కట్టిన పడ్డ ఈనేటప్పుడు చాలా కష్టపడుతుంది, ఒక్కోసారి మనకు దక్కదు.

10. తరచుగా జరిగే తప్పులు, దిద్దుబాట్లు

ఇంజెక్షన్‌తో మొదలుపెట్టడం. 200 కిలోల పడ్డకు హార్మోన్లు ఇస్తే ఎద లక్షణాలు కనిపించొచ్చు, కానీ గర్భం నిలవదు, తర్వాత మళ్లీ చల్లబడుతుంది. దిద్దుబాటు: ముందు బరువు. సరైన బరువు, వయసు ఉండి రెండు నెలలు శ్రద్ధగా చూసినా ఎద లేకపోతే అప్పుడు డాక్టర్‌తో చెయ్యి పెట్టి చూపించండి. అండాశయం మీద పసుపుపచ్చటి కండ (అండం విడుదలయ్యాక ఏర్పడేది) ఉంటే ఎద వస్తోందని, మనం గుర్తించడం లేదని అర్థం. నున్నగా, చిన్నగా ఉంటే ఇంకా మొదలుకాలేదని అర్థం. చికిత్స ఈ రెండింటికీ వేరు. మామునూరు వెటర్నరీ కాలేజీ, కోరుట్ల వెటర్నరీ కాలేజీ దగ్గర్లో ఉన్నవారు అక్కడ చూపించుకోవచ్చు. పశువును తీసుకెళ్లలేకపోతే సంచార పశువైద్య సేవ నంబర్ 1962కు ఫోన్ చేయండి.

పత్తి చెక్క ఒక్కటే పెట్టడం. మంచి మేతే, కానీ ఒంటరిగా కాదు. అందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. నాలుగు నెలల లోపు దూడలకు దానిలోని గాసిపాల్ అనే విషపదార్థం హాని చేస్తుంది. పెద్దవాటికి దాణాలో ఐదో వంతు మించకుండా కలపండి.

కుడితినే దాణాగా లెక్కించడం. కుడితిలో నీళ్లే ఎక్కువ. ఇవ్వండి, కానీ దాణా తగ్గించకండి.

చివరి రెండు నెలల్లో హడావుడిగా మేపడం. ఒక్కసారిగా గింజలు పెంచితే కొవ్వు పేరుకుంటుంది, ఎముక పెరగదు. దిద్దుబాటు: దాణాను పావుకిలో చొప్పున పెంచుతూ, బరువు పెరుగుదల రోజుకు 600 గ్రాములు మించకుండా నాలుగైదు నెలలు ఓపిక పట్టండి. పక్కటెముకలు కనిపించకుండా, చేత్తో నొక్కితే తగిలేలా ఉంటే ఒళ్లు సరిగ్గా ఉన్నట్టు.

పెద్ద పశువులతో ఒకే గాడి. బలమైనవి తోసేస్తాయి, పడ్డకు మిగిలేది కాడలే. కొట్టంలో ఓ మూల వేరుగా కట్టండి.

11. సూది వేయించాక

చూడి కట్టిందో లేదో తేలకముందే దాణా ఆపేసే అలవాటు ఉంది. మేత హఠాత్తుగా తగ్గితే ఒంట్లోని హార్మోన్లు తారుమారై గర్భం నిలిచే అవకాశం తగ్గుతుంది. కనీసం రెండు నెలలు అదే మేత, అదే వేళలు పాటించండి.

- 18 నుంచి 24 రోజుల మధ్య మళ్లీ ఎద చూడండి.
- 60 నుంచి 90 రోజుల్లో చూడి పరీక్ష చేయించండి.
- చూడిదైతే చివరి మూడు నెలల్లో కిలో నుంచి కిలోన్నర దాకా దాణా అదనంగా ఇవ్వండి. లోపలి దూడ బరువులో ఎక్కువ భాగం పెరిగేది అప్పుడే. పుట్టేది ఆడ దూడైతే నాలుగో భాగం నుంచి మళ్లీ మొదలుపెట్టండి.